బృహద్ధమని ఉబ్బు ఉన్నవారి భోజనం: నంజుకునే గిన్నె దగ్గర మొదలుపెట్టండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట కంచం పక్కన ఎప్పుడూ ఒక చిన్న గిన్నె ఉండేది. అందులో ఒక పూట మాగాయ, ఒక పూట బరంపురం అప్పడాలు, మరొక పూట నిప్పుల మీద కాల్చిన ఎండుచేప, చద్దన్నం తినే ఎండాకాలమంతా వేయించిన వడియాలను ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి నలిపిన బడిచూర ఉండేవి. మూత్రానికి ఇబ్బంది పడుతున్నారని మా మావగారికి కడుపు స్కానింగు తీయించినప్పుడు, ఎవరూ వెతకని సంగతి ఒకటి బయటపడింది. ఆయన బృహద్ధమని కడుపు భాగంలో 4.1 సెంటీమీటర్ల వెడల్పుకు ఉబ్బి ఉన్నది. ఆపరేషన్ ఇప్పుడే అక్కరలేదని, రక్తపోటును అదుపులో ఉంచుకుంటూ ఏడాదికి ఒకసారి స్కానింగు తీయించుకోవాలని చెప్పి పంపారు. ఏమి తినాలో మాత్రం మాకు ఎవరూ విడమరచి చెప్పలేదు. మూడేళ్లుగా ఆయనకు వండిపెడుతూ, వెళ్లిన ప్రతిసారీ డాక్టర్లనూ ఆహార నిపుణులనూ అడుగుతూ నేను నేర్చుకున్న పద్ధతిని, పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో దొరికే సరుకులతోనే చేసుకోగలిగేటట్టు ఇక్కడ రాస్తున్నాను.

తిండి చేయగలిగిన పని, చేయలేని పని

గుండె నుంచి బయలుదేరి, ఛాతీ గుండా కడుపులోకి దిగి, ఒళ్లంతటికీ రక్తాన్ని పంచే పెద్ద రక్తనాళమే బృహద్ధమని. కడుపు భాగంలో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. 3 సెంటీమీటర్లు, అంతకు పైన ఉంటే డాక్టర్లు అన్యూరిజం అని రాస్తారు. పాత సైకిల్ ట్యూబులో నలిగిన చోట బుడిపె లేచినట్టే, నాళపు గోడ బలహీనపడిన చోట బయటికి ఉబ్బుతుంది. ఉబ్బు పెద్దదయ్యే కొద్దీ, రక్తపోటు పెరగకపోయినా, గోడ మీద పడే ఒత్తిడి ఎక్కువవుతూ ఉంటుంది. కడుపులోని ఉబ్బు పురుషులలో 5.5, స్త్రీలలో 5 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చినప్పుడు గానీ, తక్కువ కాలంలో వేగంగా పెరిగినప్పుడు గానీ సాధారణంగా ఆపరేషన్ ఆలోచన చేస్తారు. ఛాతీలోని ఉబ్బుకు, మార్ఫాన్ వంటి వంశపారంపర్య జబ్బు ఉన్నవారికి ఈ లెక్కలు వేరుగా ఉంటాయి కనుక వారు తమ డాక్టరు చెప్పిన అంకెనే గుర్తుపెట్టుకోవాలి.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఉబ్బిన బృహద్ధమనిని మళ్లీ సన్నబరిచే ఆహారం ఏదీ లేదు. వెల్లుల్లి, మెంతులు, కషాయాలు, చూర్ణాలు ఉబ్బును కరిగిస్తాయని ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా ఆ మాట మీద ఆధారపడి స్కానింగు మానేయకూడదు. పైగా అతిమధురం కలిసిన చూర్ణాలు ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరిగి, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. తిండి పనిచేసేది రక్తపోటు మీద, కొలెస్టరాల్ మీద, బరువు మీద, మలబద్ధకం మీద, రేపు ఆపరేషన్ అవసరమైతే దానిని తట్టుకోవలసిన సత్తువ మీద. రక్తపోటును సాధారణంగా 130/80 లోపు ఉంచమంటారు; అందులో మాత్రలు చేసే పని మాత్రలదే, కంచం చేసే పని కంచానిదే.

పొగాకు తిండి కాకపోయినా ఇక్కడే చెప్పి తీరాలి, ఎందుకంటే కడుపులోని ఉబ్బుకూ, అది పెరగడానికీ పొగ తాగడమే అన్నిటికంటే పెద్ద కారణం. బీడీ, సిగరెట్, చుట్ట, మన శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పు నోటిలో పెట్టుకుని తాగే అడ్డపొగ, ఇవన్నీ ఆగాలి. పళ్లకు రుద్దుకునే గుడాఖులో ఉన్నదీ పొగాకే కనుక దానినీ మాన్పించాలి. చుట్ట మానకుండా ఉప్పు ఒక్కటే తగ్గించడం వల్ల పెద్ద ఉపయోగం ఉండదు.

ఉప్పును కొలిచే పద్ధతి

పెద్దవారు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది తలకొట్టిన ఒక టీచెంచా. కూరలో, పప్పులో, మజ్జిగలో, ఊరగాయలో, బిస్కట్టులో ఉన్న ఉప్పు అంతా ఆ ఒక్క చెంచాలోనే ఇమడాలి.

మీ ఇంట్లో ఎంత ఖర్చవుతున్నదో తెలుసుకోవడానికి తేలిక మార్గం ఉన్నది. ఉప్పు పొట్లం విప్పిన రోజున దాని మీద పెన్నుతో తేదీ వేయండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున కిలో పొట్లం 50 రోజులు రావాలి. కొన్న ఊరగాయలో, అప్పడంలో ఉన్న ఉప్పు ఈ లెక్కలోకి రాదు కనుక, నిజానికి రెండు నెలల పైన వస్తేనే బాగున్నట్టు. మా ఇంట్లో మొదటిసారి తేదీ వేసిన పొట్లం 24 రోజులకే ఖాళీ అయింది. అది చూసిన తరువాత ఎవరికీ ఏమీ నచ్చజెప్పవలసిన పని లేకపోయింది.

అప్పటి నుంచి నేను రోజూ పొద్దున్నే ఒక ఖాళీ తేనె సీసాలో తలకొట్టిన మూడు టీచెంచాల ఉప్పు పోసి పొయ్యి పక్కన పెడతాను. నలుగురికీ ఆ రోజు వంటలన్నిటికీ అదే. నాలుగో చెంచా బయట కొన్న తినుబండారాలలోని ఉప్పుకు వదిలేసినట్టు లెక్క. పెద్ద డబ్బాను అటక మీదికి ఎక్కించాను. సాయంత్రం పూట మావగారు వంటింటి గుమ్మంలో నిలబడి, “సీసాలో ఇంకా ఏమైనా మిగిలిందా అమ్మా?” అని అడిగేవారు, మిగిలి ఉంటే రాత్రి మజ్జిగలోకి చిటికెడు దొరుకుతుందని ఆయన ఆశ. ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే ఎవరూ తినలేరు. వారం వారం కొంచెంగా తగ్గించుకుంటూ వెళితే కొన్ని వారాలలో నాలుక దానికే అలవాటు పడుతుంది. ఉప్పును కూర దించే ముందు వేస్తే తక్కువతోనే రుచి తెలుస్తుందని నా అనుభవం.

సైంధవ లవణం, నల్ల ఉప్పు మంచివని చాలామంది మార్చుకుంటారు. కార్తికంలో హబిస అనే వ్రత భోజనం వండుకునేవారు సైంధవమే వాడతారు. రక్తపోటు విషయంలో అవి మామూలు ఉప్పుకు భిన్నమైనవి కావు, వాటిలో ఉన్నదీ ప్రధానంగా సోడియం క్లోరైడే. పైగా అయోడిన్ కలపని సైంధవంతో థైరాయిడ్‌కు కావలసిన అయోడిన్ అందదు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు దుకాణాలలో దొరుకుతుంది. అది రక్తపోటు తగ్గడానికి ఉపకరించేదే అయినా, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి రక్తపోటు మాత్రలు వేసుకునేవారికి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం పరీక్షలు చూపించి డాక్టరు సరేనన్న తరువాతనే దానిని కొనండి.

పొట్లాలలో కొనే సరుకుకు వెనుక రాసి ఉన్న సోడియం అంకె చూడాలి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే సుమారు ఒక గ్రాము ఉప్పు. తినే సోడా కూడా సోడియమే. అందువల్ల అప్పడాల పిండిలో కలిపే ఖారం (క్షారం), బజ్జీల పిండిలో వేసే చిటికెడు, హోటల్ ఇడ్లీలోనిది అన్నీ ఉప్పు లెక్కలోకే వస్తాయి.

గిన్నెలో ఉప్పుకు బదులు ఏమి పెట్టాలి

ఉప్పు తగ్గించమని చెప్పి కంచం పక్కన గిన్నె తీసివేస్తే భోజనం చప్పబడుతుంది, రోగి రెండు ముద్దలు తిని లేచిపోతారు. అందుచేత ఆ గిన్నెను ఖాళీగా వదలకూడదు. పులుపు, ఘాటు, వాసన ఉన్నచోట నాలుక ఉప్పును అంతగా అడగదు. ఈ విషయంలో మన ఉత్తరాంధ్ర వంటకు, ఒడియా వంటకు ఉన్న గొప్ప సాధనం ఆవ. అరటికాయ, పనసపొట్టు, ఆనపకాయ కూరలలో దించిన తరువాత నూరిన ఆవ కలిపితే ముక్కుకు తగిలే ఆ ఘాటుతోనే సగం ఉప్పు సరిపోతుంది. పచ్చిమామిడి కోరు, కాల్చిన వంకాయ, కాల్చిన టమాటా, కొత్తిమీర, నిమ్మరసం, వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి మా ఇంట్లో ఇప్పుడు గిన్నెలోకి వస్తున్న పదార్థాలు. మాగాయ నెలలో పండుగనాడు గోరంత ముక్కగా మాత్రమే కనిపిస్తుంది.

వడియాలు మానవలసిన పని లేదు. మినప్పిండి రుబ్బి, బూడిదగుమ్మడి కోరు కలిపి, ఉప్పు వేయకుండా పెట్టి బాగా ఎండనిస్తే అవి నిలవ ఉంటాయి. నూనెలో ముంచకుండా మూకుడులో కొద్ది చుక్కలతో దోరగా వేయించి నలిపితే బడిచూర రుచి చెడదు. చద్దన్నం కూడా మంచిదే, కానీ దాని నీళ్లలో ఉప్పు కలిపే అలవాటు మానుకుని, పెరుగు, నిమ్మాకు, జీలకర్ర పొడి వేసుకోవాలి. ఎండుచేపను వేడినీళ్లలో నానబెట్టి కడిగితే ఉప్పు కొంత పోతుంది కానీ, మిగిలేదే చాలా ఎక్కువ. దానికి బదులు గోపాలపురం వైపు నుంచి వచ్చే పచ్చి కవళ్లు, కానాగంతలు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే గుండెకూ రక్తనాళాలకూ మేలు చేసే కొవ్వు దొరుకుతుంది. వేపుడు చేస్తే ఆ మేలు కొంత తగ్గుతుంది.

రోజూ తినవలసిన భోజనం

అమెరికాలో 1997లో వెలువడిన డ్యాష్ అనే ప్రసిద్ధ పరిశోధనలో, ఉప్పును మార్చకుండానే కూరగాయలు, పండ్లు, కొవ్వు తక్కువ పాలు ఎక్కువగా, కొవ్వు పదార్థాలు తక్కువగా పెట్టినప్పుడు, రక్తపోటు ఉన్నవారిలో పై అంకె సుమారు 11 పాయింట్లు తగ్గింది. 2001లో ఉప్పు కూడా తగ్గించి చూసినప్పుడు ఇంకా తగ్గింది. ఆ భోజనాన్ని మన వంటింట్లోకి తెచ్చుకోవడానికి ఏ విదేశీ సరుకూ అక్కరలేదని నా గట్టి నమ్మకం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ఒక రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలి. మన కంచంలో అన్నం కొండలా, కూర చారెడు ఉంటుంది. ఈ లెక్క దానిని తలకిందులు చేస్తుంది.

దీనికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న వంట, పప్పూ కూరగాయలూ కలిపి ఉడికించే ఒడియా డాల్మా. నేను నలుగురికి చేసే కొలత చెబుతాను. గ్లాసు కందిపప్పు గానీ పెసరపప్పు గానీ కడిగి, పచ్చిబొప్పాయి, అరటికాయ, ఎర్రగుమ్మడి, వంకాయ, కంద ముక్కలు అన్నీ కలిపి ముప్పావు కిలో తీసుకుని, పసుపు, అల్లం, బిర్యానీ ఆకుతో మెత్తగా ఉడికిస్తాను. దించేటప్పుడు తేనె సీసాలోనుంచి అర చెంచా ఉప్పు వేస్తాను. చిన్న గరిటెలో రెండు టీచెంచాల నూనె కాచి, పంచఫోరన్ (అయిదు పోపుదినుసుల మిశ్రమం), ఎండుమిర్చి పోపు పెట్టి, పైన వేయించిన జీలకర్ర పొడి చల్లి మూత పెడతాను. పది నిమిషాల తరువాత మూత తీస్తే వచ్చే వాసనకు మావగారు పిలవకుండానే పీట మీద కూర్చుంటారు.

పొద్దున్న చోడి అంబలి చాలా మంచిది, కానీ అందులోనూ ఉప్పుకు బదులు మజ్జిగ, ఉల్లిపాయ చాలు. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి గిరిజన జిల్లాలలో చిరుధాన్యాల సాగును ప్రోత్సహిస్తున్నందున చోళ్లు, సామలు మన సంతలలో సులభంగానే దొరుకుతున్నాయి. రాత్రి అన్నానికి బదులు వాటిని వాడుకోవచ్చు. నూనె విషయంలో పామాయిల్, డాల్డా తగ్గించి ఆవ, నువ్వు, వేరుశెనగ, తవుడు నూనెలను మార్చి మార్చి వాడండి. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు మించకూడదు. ఒకసారి కాగిన నూనెను మళ్లీ కాచవద్దు. పలాస జీడిపప్పు ఉప్పు పట్టించనిది గుప్పెడు లోపు తినవచ్చు. జీలుగు కల్లు, ఇప్పసారా, సీసా మద్యం ఏదైనా రక్తపోటును పెంచేదే.

మలబద్ధకం, విరేచనాలు

దొడ్డికి కూర్చుని ముక్కినప్పుడు రక్తపోటు ఆ కొద్ది క్షణాలలో ఎగబాకుతుంది. ఉబ్బు ఉన్నవారికి అది మంచిది కాదు. మన పెద్దవాళ్లు ఈ ఇబ్బందిని డాక్టరుకు చెప్పుకోరు, కనుక వండేవారే కనిపెట్టాలి. జామపండు, బొప్పాయి, ఆనపకాయ, తోటకూర, ఉలవలు, బొబ్బర్లు రోజూ ఏదో ఒక రూపంలో ఉండాలి. గుండె బలహీనత వల్లనో మూత్రపిండాల జబ్బు వల్లనో నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే రోజుకు సుమారు రెండు లీటర్లు తాగించండి. అవీ చాలకపోతే రాత్రి ఇసబ్గోల్ నీళ్లలో కలిపి ఇవ్వవచ్చు.

దీనికి ఎదురు సమస్య వచ్చినప్పుడు మేము ఒక పొరపాటు చేశాము. పెళ్లిభోజనం పడక మావగారికి విరేచనాలైతే, ఒక మందుల దుకాణంలో అడగగానే ఆఫ్లాక్సాసిన్ కలిసిన మాత్రలు ఇచ్చారు, మేమూ రెండు వేశాము. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ అనే ఈ కుటుంబపు యాంటీబయాటిక్‌లు బృహద్ధమని గోడకు హాని చేసే అవకాశం ఉందని, వేరే దారి లేనప్పుడు తప్ప అన్యూరిజం ఉన్నవారికి వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులోనే హెచ్చరించింది. ఆ సంగతి తరువాతి స్కానింగు రోజున మాకు తెలిసింది. అందుచేత విరేచనాలకు ముందుగా ఓఆర్ఎస్, పలచని గంజి, మజ్జిగ ఇచ్చి, మందు కావలసివస్తే బృహద్ధమని ఉబ్బు ఉన్నదని డాక్టరుకు చెప్పి రాయించుకోండి. ఓఆర్ఎస్‌లో ఉప్పు ఉంటుందని ఆ రెండు రోజులు భయపడనక్కరలేదు.

ఇదే చోట మరొక మాట. ఛాతీలోనో, వీపులోనో, కడుపులోనో ఉన్నట్టుండి చీల్చినట్టు తీవ్రమైన నొప్పి వచ్చినా, చెమటలు పట్టి కళ్లు తిరిగి పడిపోయినా, గ్యాస్ అనుకుని సోడా, వాము, కషాయం ఇస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, అన్యూరిజం ఉన్న సంగతి మొదటి మాటగా చెప్పండి. అత్యవసరంగా ఆపరేషన్ చేయవలసి రావచ్చు కనుక తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి.

ఆపరేషన్‌కు ముందు, తరువాత

మొదటి రెండు నెలలలో నేను భయం కొద్దీ నూనె పూర్తిగా మాన్పించి, చేప, గుడ్డు ఆపి, రాత్రిపూట జావ మాత్రమే పెట్టాను. మావగారు ఆరు కిలోలు తగ్గారు, లేచి నడవడానికి ఓపిక లేకపోయింది. అది చూసిన డాక్టరు నన్ను గట్టిగానే మందలించారు. రేపు కత్తి పడవలసి వస్తే కండ లేని ఒళ్లు త్వరగా కోలుకోదని ఆయన చెప్పిన తరువాత రోజూ ఒక గుడ్డు, రెండు పూటలా పప్పు, పెరుగు తిరిగి మొదలుపెట్టాను. లావుగా ఉన్నవారు బరువు తగ్గవలసిందే, కానీ నెలకు ఒకటి రెండు కిలోలకు మించకుండా, కండ పోకుండా తగ్గాలి. ఉపవాసాలు ఉండేవారు రక్తపోటు మాత్రలను మాత్రం ఆ రోజున కూడా మానకూడదు.

ఛాతీ ఆపరేషన్‌లో లోహపు గుండె కవాటం కూడా అమర్చినవారు రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ గానీ అసెనోకౌమరాల్ గానీ వాడుతూ, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతున్నదో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉంటారు. ఆకుకూరలలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. అంతమాత్రాన మునగాకు, తోటకూర, పాలకూర మానేయడం సరికాదు. వారం వారం ఒకే పరిమాణంలో తినాలి. ఒక వారం అసలు లేకుండా, మరో వారం పూటపూటా తింటే పరీక్ష అంకె గాడి తప్పుతుంది.

కడుపు కోసి చేసిన ఆపరేషన్ తరువాత కొన్ని వారాలపాటు ఆకలి ఉండదు, నోటికి ఏదీ రుచించదు. ఆపరేషన్ అయి వచ్చిన మా బంధువు ఒకరు అప్పుడు ఆవకాయ తప్ప మరేదీ వద్దన్నారు. అటువంటప్పుడు మూడు పూటల భోజనాన్ని ఆరు చిన్న పూటలుగా విడగొట్టి, మెత్తని పెసరపప్పు పులగం, ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, గడ్డపెరుగు కొద్దికొద్దిగా పెట్టండి. పక్కన చిన్న గిన్నెలో పచ్చిమామిడి కోరు, దానిపై రెండు చుక్కల పచ్చి ఆవనూనె, కొంచెం నూరిన ఆవ, జీలకర్ర పొడి కలిపి ఉంచండి. మా బంధువు ఆవకాయ అడగడం మానింది ఆ గిన్నె పెట్టిన మూడవ రోజున.